పదిహేనేళ్ల బాకీ: తిరిగివచ్చిన విలన్ ఎప్పుడు పండుతాడు?

ఇసుక తుఫాను చెలరేగుతున్న ఒక పాడు గ్రహం. అంతరిక్ష దుస్తుల్లో నడుస్తున్న ఇద్దరు అధికారులకు ఆ దుమ్ములో సరుకు పెట్టెల్లాంటి గదులు కనబడతాయి. లోపల ఎవరూ లేరు. ఒక అరలో కొన్ని పాత పుస్తకాలు, గాజు తొట్టెలో ఏదో కదులుతున్న జీవి, మూలన కొన్ని పట్టీలు. వాటిలో ఒకదాని మీద ఓడ పేరు రాసి ఉంది: బాటనీ బే. అది చదవగానే చెకోవ్ అనే అధికారికి పై ప్రాణాలు పైనే పోతాయి. పక్కనున్న కెప్టెన్‌కు సంగతి వివరించే ఓపిక కూడా ఉండదు. ముందు ఇక్కడినుంచి బయటపడదాం పదండి అని తొందరపెడతాడు. తలుపు తీసేసరికి బయట ముసుగులు కప్పుకున్న మనుషులు నిలబడి ఉంటారు.

అప్పటికి మనం విలన్ ముఖం చూడలేదు. సినిమా పేరులో తప్ప అతని పేరు కూడా వినలేదు. చూసిందల్లా ఒక ఓడ పేరు, దాన్ని చదివిన మనిషి భయం. ఆ తర్వాత ముసుగుల్లోంచి ఒకడు ముందుకొచ్చి, తీరిగ్గా ఒక చేతి తొడుగు తీసి, ముఖానికి చుట్టుకున్న గుడ్డ విప్పుతాడు. నెరిసిన పొడవాటి జుట్టు, ఎండకూ గాలికీ మాడిన చర్మం, రాజుకుండే తీరిక. ఖాన్ వచ్చేశాడు.

ఇది 1982 జూన్ 4న అమెరికాలో విడుదలైన 'స్టార్ ట్రెక్: ద రాత్ ఆఫ్ ఖాన్'. సైన్స్ ఫిక్షన్ సీక్వెల్‌లో పాత విలన్ తిరిగి రావడం గురించి ఎవరు మాట్లాడినా నలభై ఏళ్లుగా ఈ సినిమా దగ్గరికి వచ్చి ఆగుతున్నారు. ఎందుకంత గొప్ప అని అడిగితే మాత్రం రికార్డో మాంటల్బాన్ నటన బాగుంటుందనో, చివర్లో హీరో ఆప్తమిత్రుడు స్పాక్ చనిపోతాడనో చెప్పి ఊరుకుంటారు. రెండూ నిజమే. కానీ గొప్ప నటులు చేసిన తిరిగివచ్చిన విలన్లు చాలామంది తేలిపోయారు, చివర్లో ప్రధాన పాత్రను చంపిన సీక్వెళ్లూ చాలా మునిగాయి. అసలు కీలకం ఇంకెక్కడో ఉంది.

ఋణశేషం, అగ్నిశేషం, శత్రుశేషం ఉంచకూడదని మన పెద్దలు చెబుతారు. సీక్వెల్ తీసేవాళ్లు సాధారణంగా మూడోదాన్ని పట్టుకుంటారు. శత్రువు చావలేదు, లేదా చచ్చినట్టు కనబడి చావలేదు, కాబట్టి మళ్లీ వస్తాడు. నాకు మాత్రం ఈ మూడింటిలో కథకు పనికొచ్చేది మొదటిదే అనిపిస్తుంది. హీరో ఎప్పుడో చేసి మరిచిపోయిన అప్పును, వడ్డీతో సహా వసూలు చేయడానికి వచ్చే విలన్‌ని చూస్తే మనకు ఒళ్లు జలదరిస్తుంది. అప్పు లేకుండా వచ్చేవాడు ఎంత బలవంతుడైనా రెండోసారి వచ్చిన అతిథి మాత్రమే.

ఖాన్ విషయంలో ఆ అప్పు పత్రం రాసింది 1967 ఫిబ్రవరి 16న. అమెరికాలో ఆ రాత్రి ప్రసారమైన 'స్పేస్ సీడ్' అనే 'స్టార్ ట్రెక్' టీవీ ఎపిసోడ్‌లో ఎంటర్‌ప్రైజ్ నౌక సిబ్బందికి శతాబ్దాల నాటి ఓడ ఒకటి అంతరిక్షంలో తేలుతూ దొరుకుతుంది. అందులో డెబ్బైమందికి పైగా మనుషులు గడ్డకట్టించిన నిద్రలో ఉంటారు. వాళ్ల నాయకుడు ఖాన్ నూనియన్ సింగ్. జన్యువులను ఏరి కూర్చి తయారుచేసిన అతిమానవుల్లో ఒకడు. 1992 నుంచి 1996 దాకా ఆసియా మొదలుకొని మధ్యప్రాచ్యం వరకు, అంటే భూమిలో నాలుగో వంతును, ఏలినవాడని కథ చెబుతుంది. 1967లో కూర్చుని ఊహించినవాళ్లకు 1990లు చాలా దూరం మరి. మన 1990ల్లోకి అతిమానవులు రాలేదు, కేబుల్ టీవీ వచ్చింది.

ఇతన్ని చూసిన నౌకలోని చరిత్రకారిణి ఉత్తర భారతానికి చెందిన సిక్కు అయివుంటాడని అంచనా వేస్తుంది. ఆమె గీసిన బొమ్మలో అతనికి తలపాగా కూడా ఉంటుంది. ఖాన్, సింగ్ రెండూ ఒకే మనిషికి తగిలించిన ఈ పేరు చూస్తే భారతదేశం గురించి రచయితలకున్న అవగాహన ఎంతో మనకు అర్థమవుతుంది. పోషించిన మాంటల్బాన్ మెక్సికోలో పుట్టినవాడు. అయినా ఒకటి ఒప్పుకోవాలి. 1967లో అమెరికా టీవీలో భారతీయుడంటే పాములవాడో, వంటవాడో, సాధువో. అలాంటి కాలంలో భూమినంతా ఏలగల మేధావిగా, భోజనాల బల్ల దగ్గర కెప్టెన్‌తో సమానంగా వాదించే రాజుగా ఒక భారతీయ పేరును నిలబెట్టారు.

ఆ ఎపిసోడ్‌లో చాలామంది మరిచిపోయే ఒక సంభాషణ ఉంది. ఖాన్ ఎవరో తెలిశాక నౌక కెప్టెన్ కిర్క్, డాక్టర్ మెకాయ్, ఇంజనీరు స్కాటీ అతని గురించి మాట్లాడుకుంటూ ఒకరకమైన ఆరాధనలో పడతారు. నియంతల్లో అందరికంటే మేలైనవాడు, అందరికంటే ప్రమాదకరమైనవాడు కూడా అంటాడు కిర్క్. ఒక క్రూరుడి గురించి ఈ మురిపెం ఏమిటని స్పాక్ ఆశ్చర్యపోతాడు. అతన్ని వ్యతిరేకిస్తూనే మెచ్చుకోవచ్చు కదా అని నవ్వుతాడు కిర్క్. పదిహేనేళ్ల తర్వాతి విపత్తుకు విత్తనం ఆ నవ్వులో పడింది.

ఎందుకంటే, ఖాన్ నౌకను స్వాధీనం చేసుకోబోయి ఓడిపోయాక కిర్క్ అతన్ని చెరసాలకు పంపడు. కేసు కొట్టేసి, ఒక ఎంపిక చూపిస్తాడు: సెటీ ఆల్ఫా 5 అనే గ్రహం. అడవి గ్రహమే, కానీ బతకవచ్చు. నీకు కావలసిన సామ్రాజ్యం అక్కడ కట్టుకో అంటాడు. స్వర్గంలో సేవకుడిగా ఉండేకంటే నరకంలో రాజుగా ఉండటం మేలన్న, ఆంగ్ల కవి మిల్టన్ కావ్యంలోని సాతాను మాటను గుర్తుచేస్తూ ఖాన్ ఒప్పుకుంటాడు. అంతా చల్లగా ముగిసింది. ఆఖర్లో స్పాక్, ఈరోజు మీరు నాటిన విత్తనం ఏ పంటనిచ్చిందో వందేళ్ల తర్వాత వచ్చి చూస్తే ఆసక్తిగా ఉంటుంది కెప్టెన్, అంటాడు. అవును, నిజమే అంటాడు కిర్క్. తెర చీకటవుతుంది.

కిర్క్ ఆ తర్వాత మళ్లీ అటు వెళ్లలేదు. ఒక్కసారి కూడా.

సినిమా కథంతా ఈ ఒక్క నిర్లక్ష్యం మీద నిలబడింది. కిర్క్ ఖాన్‌ని ఓడించడం తప్పు కాదు. శిక్షించకుండా వదిలేయడమూ తప్పు కాదు, అది దయ. దయ చూపించి, ఆ దయను చూసుకుని మురిసిపోయి, ఆ మనుషులు ఏమయ్యారో కనుక్కోకపోవడం తప్పు. వాళ్లను దించిన ఆరు నెలలకే పక్కనున్న సెటీ ఆల్ఫా 6 పేలిపోయింది. ఆ దెబ్బకు ఖాన్ ఉన్న గ్రహం కక్ష్య మారి, పచ్చదనమంతా మాడి ఇసుకదిబ్బ అయింది. అక్కడ మిగిలిన ఒకే ఒక స్థానిక జీవి, మనిషి చెవిలోంచి మెదడులోకి దూరే ఒక పురుగు, ఇరవైమందిని చంపింది. అందులో ఖాన్ భార్య ఉంది. ఇదంతా చెప్పి అతను చెకోవ్‌తో అనే మాట, నా దృష్టిలో సినిమా మొత్తానికి వెన్నెముక: మేము ఎలా ఉన్నామో చూడటానికి అడ్మిరల్ కిర్క్ ఎన్నడూ రాలేదు.

ఈ మాటకు జవాబు లేదు. చెకోవ్ దగ్గర లేదు, తర్వాత కిర్క్ దగ్గరా లేదు. ప్రేక్షకుడిగా మన దగ్గరా లేదు, ఎందుకంటే మనమూ ఆ ఎపిసోడ్ చూసి, బాగుందనుకుని, టీవీ కట్టేసి నిద్రపోయినవాళ్లమే. విలన్ చేసే పనులన్నీ దుర్మార్గమైనవే. ఆరోపణ మాత్రం నిజం. ఆరోపణ నిజమైతేనే భయం లోపలికి దిగుతుంది. హీరోకు అన్నీ అబద్ధాలు అంటగట్టే విలన్‌ని మనం తేలిగ్గా అసహ్యించుకుని పక్కన పెట్టేయగలం. తొంభై పాళ్లు తప్పై, పది పాళ్లు నిజమైనవాణ్ణి పక్కన పెట్టలేం.

కథలో ఎంత కాలం గడిచిందో, బయట కూడా దాదాపు అంతే గడిచింది. మొదటి 'స్టార్ ట్రెక్' సినిమా 1979లో వచ్చింది. నాలుగు కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టి, నెమ్మదైన, చల్లని సినిమా తీశారు. డబ్బులు వచ్చాయి గానీ ఉత్సాహం రాలేదు. రెండో దానికి సుమారు కోటీ ఇరవై లక్షల డాలర్లు మాత్రమే ఇచ్చి, టీవీ రంగం నుంచి హార్వ్ బెనెట్ అనే నిర్మాతను పిలిచారు. స్టార్ ట్రెక్ గురించి ఏమీ తెలియని బెనెట్ పాత ఎపిసోడ్లన్నీ వేయించుకుని వరుసగా చూశాడు. మొదటి సినిమాలో లేనిది గట్టి ప్రత్యర్థి అని అతనికి అర్థమైంది. 'స్పేస్ సీడ్' దగ్గర ఆగాడు. స్పాక్ చివరి మాట అక్కడ తాళం తీసిన తలుపులా వేలాడుతూ ఉంది.

దర్శకుడిగా వచ్చిన నికొలస్ మేయర్ అంతవరకు తయారైన చిత్తుప్రతులన్నిటినీ ముందేసుకుని పన్నెండు రోజుల్లో స్క్రిప్టు తిరగరాశాడు. దానికి తెర మీద పేరు కూడా వేయించుకోలేదు. అతను చేసిన పెద్ద పని ఖాన్ చేతిలో పుస్తకాలు పెట్టడం. మొదట్లో చెప్పిన ఆ అరలో మిల్టన్ 'పారడైజ్ లాస్ట్', 'కింగ్ లియర్', 'మోబీ డిక్' ఉంటాయి. తనను కుంటివాణ్ణి చేసిన తిమింగలాన్ని వెంటాడి, ఓడనూ మనుషులనూ ముంచేసుకున్న కెప్టెన్ అహాబ్ కథ 'మోబీ డిక్'. ఆ ఎడారిలో పదిహేనేళ్లు ఆ కొద్ది పుస్తకాలనే తిప్పి తిప్పి చదివిన మేధావి చివరికి ఏమవుతాడు? అహాబ్ మాటలే అతని మాటలవుతాయి. ఖాన్ ఆవేశంగా పలికే గొప్ప వాక్యాలు అతనివి కావు, కంఠస్థం చేసినవి. 1967లో సొంత తెలివితో మిల్టన్‌ని గుర్తుచేసుకున్న రాజు, 1982లో ఒక పుస్తకంలో ఇరుక్కుపోయాడు. పాత్ర మారింది, ఆ మార్పును ఎవరూ నోటితో చెప్పక్కర్లేకుండా పుస్తకాల అర చెప్పేసింది.

తిరిగివచ్చిన విలన్ ఎదుర్కొనే గడ్డు సమస్య ఇదే. పాత మనిషిలాగే ఉంటే మొదటి సినిమానే మళ్లీ చూస్తున్నట్టు ఉంటుంది. పూర్తిగా మారితే, ఇతనెవరో వేరేవాడు, పాత పేరెందుకు అనిపిస్తుంది. మారినదీ మారనిదీ రెండూ ఒకే మనిషిలో ఒకేసారి కనబడాలి. మాంటల్బాన్‌కు ఇది సొంత అనుభవంగా ఎదురైంది. అప్పటికి కొన్నేళ్లుగా అతను 'ఫాంటసీ ఐలండ్' సీరియల్‌లో తెల్ల సూటు వేసుకుని అతిథులను ఆహ్వానించే మర్యాదస్తుడి వేషం వేస్తున్నాడు. ఖాన్ మాటలు పలికితే ఆ మర్యాదస్తుడే వినబడుతున్నాడని భయపడి, పాత ఎపిసోడ్ తెప్పించుకుని చూసి ఆ గొంతును వెతుక్కున్నాడు. షూటింగ్ నాటికి అరవై దాటాయి. ఛాతీ కనబడే ఆ చిరిగిన చొక్కాలో ఉన్నది కట్టుడు కండలని చాలామంది అనుకున్నారు. కాదు, ఆయనవే.

ఇక కిర్క్ వైపు చూద్దాం. విలన్ మాత్రమే మారి, హీరో అలాగే ఉంటే లెక్క కుదరదు. సినిమా మొదలయ్యేసరికి ఆ రోజు కిర్క్ పుట్టినరోజు. డాక్టర్ మెకాయ్ బహుమతిగా చదువుకునే కళ్లద్దాలు ఇస్తాడు. చూపు మందగించింది. నౌక చేతిలో లేదు, కుర్చీలో కూర్చుని కుర్రవాళ్లకు పరీక్షలు పెట్టే అడ్మిరల్ అయ్యాడు. ఆ పరీక్షల్లో 'కోబయాషి మారు' ఒకటి. ఏం చేసినా ఓడిపోయేలా తయారుచేసిన యుద్ధాభ్యాసం అది. ఓటమిని మనిషి ఎలా తట్టుకుంటాడో చూడటానికి పెట్టింది. దాన్ని గెలిచినవాడు ఒక్క కిర్క్ మాత్రమే. ఎలా గెలిచాడు? ముందే కంప్యూటర్ ప్రోగ్రాం మార్చేసి. యువకుడిగా ఉన్నప్పుడు అది చమత్కారం. యాభై దగ్గరపడ్డాక అది ఒక అలవాటు, ఎప్పుడూ మూల్యం చెల్లించకుండా తప్పించుకునే అలవాటు.

అందుకే ఖాన్ రాక కిర్క్‌కు సరిపోయింది. ఎవరో ఒక విలన్ వచ్చి ఉంటే కిర్క్ మళ్లీ ఏదో చమత్కారం చేసి గెలిచేవాడు. ఖాన్ మాత్రం అతని గతంలో చెల్లించని బిల్లు. అంతేకాదు, ఇదే సినిమాలో కిర్క్‌కు ఇంకో బిల్లు కూడా ఎదురవుతుంది: డేవిడ్ అనే కొడుకు. తల్లి కోరిక మీద దూరంగా ఉండి, పెంపకంలో పాలు పంచుకోని కొడుకు. కిర్క్ తన తండ్రని అతనికి తెలియదు, తెలియకుండానే అతనంటే గిట్టదు. వదిలేసిన శత్రువు, వదిలేసిన బిడ్డ ఒకే రోజు తలుపు తట్టారు. రచయితలు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఊరుకున్నారు. పోలిక చూశారా అని ఎవరితోనూ అనిపించలేదు. అది నాకు చాలా నచ్చుతుంది.

ఇక్కడ ఒక విచిత్రం. ఈ సినిమాలో కిర్క్, ఖాన్ ఒక్కసారి కూడా ఎదురుపడరు. ఇద్దరూ వేర్వేరు నౌకల్లో ఉంటారు, తెరల మీద, రేడియోలో మాత్రమే మాట్లాడుకుంటారు. వాళ్ల సన్నివేశాలను వేర్వేరు రోజుల్లో తీశారు. ఖర్చు తగ్గించడానికి ఎంటర్‌ప్రైజ్ సెట్టునే కాస్త మార్చి ఖాన్ నౌకగా వాడుకున్నారు. ఏ నిర్మాతకైనా ఇది లోపంలా కనబడుతుంది. హీరో, విలన్ చొక్కాలు పట్టుకోకపోతే ఏం సినిమా అంటారు. కానీ ముఖాముఖి పోరాటంలో బాకీ తీరిపోయినట్టు అనిపించే ప్రమాదం ఉంది. నాలుగు గుద్దులతో లెక్క చెల్లు. ఇక్కడ ఆ ఊరట దక్కదు. ఖాన్‌కు కావలసిన మనిషి ఎప్పుడూ చేతికి అందనంత దూరంలోనే ఉంటాడు. ఆ దూరం అతని పిచ్చిని పెంచుతూ పోతుంది.

మొదటి దెబ్బ ఎలా తగిలిందో చూడండి. ఖాన్ దొంగిలించిన రిలయంట్ కూడా కిర్క్ దళమైన స్టార్‌ఫ్లీట్ నౌకే. అది ఎదురుగా వస్తూ, సందేశాలకు జవాబివ్వదు. రక్షణ కవచాలు ఎత్తాలన్న నిబంధనను యువ అధికారి సావిక్ గుర్తుచేయబోతుంది. కిర్క్ పట్టించుకోడు. మనవాళ్లే కదా అన్న ధీమా. మరుక్షణం ఎంటర్‌ప్రైజ్ చీలిపోతుంది, శిక్షణలో ఉన్న కుర్రవాళ్లు చచ్చిపోతారు. పదిహేనేళ్ల కిందటి నిర్లక్ష్యమే ఇప్పుడూ కిర్క్‌ని పట్టించింది. విలన్ తెలివి వల్ల హీరో దెబ్బతినడం ఒక ఎత్తు; తన పాత గుణం వల్లే దెబ్బతినడం, దాన్ని విలన్ వాడుకోవడం ఇంకో ఎత్తు.

ఖాన్‌కు తెలివి తక్కువేమీ కాదు. కానీ అతనికి అంతరిక్షంలో ఓడ నడిపిన అనుభవం లేదు. సముద్రం మీద ఓడలా పక్కలకు తిప్పుతాడే గానీ, పైకీ కిందికీ ఆలోచించలేడు. ఆ సంగతి కనిపెట్టిన స్పాక్ మాటతోనే చివరి పోరాటం గెలుస్తారు. విలన్‌కు ఇలా సొంత బలహీనత ఉండటం, అది ముందునుంచీ అతని కథలో ఉన్నదే కావడం మంచి పద్ధతి. చివర్లో హఠాత్తుగా కనిపెట్టిన మీటతో చచ్చిపోయే విలన్లను చూసి చూసి విసుగెత్తిన ప్రేక్షకుడికి ఇది న్యాయంగా అనిపిస్తుంది.

ఇంకో పాత్ర గురించి చెప్పకపోతే అన్యాయం. ఖాన్ అనుచరుడు యోవాకిమ్. నౌక చేతికి వచ్చాక అతను ఒక మాట అంటాడు: మనకు స్వేచ్ఛ దొరికింది, నౌక ఉంది, ఎక్కడికైనా వెళ్లవచ్చు; కిర్క్‌ని మళ్లీ ఓడించాల్సిన పని లేదు. ఆ నిమిషంలో ఖాన్‌కు మంచి జీవితం నిజంగానే చేతిలో ఉంది. వద్దనుకున్నాడు. నా తెలివివల్లే వీళ్లు బతికారన్న నాయకుడు, అదే మనుషులను పగ కోసం కాల్చేసుకున్నాడు. బయటపడే దారి ఉండీ వద్దనుకున్న విలన్ మనల్ని ఎక్కువ కలవరపెడతాడు. దారి లేనివాణ్ణి చూస్తే జాలి మాత్రమే కలుగుతుంది.

ఖాన్ చావులో ఉన్న వ్యంగ్యం కూడా ఈ లెక్కలోదే. ఓడిపోయి, ఒళ్లంతా కాలి, చివరి శ్వాసతో జెనెసిస్ అనే విధ్వంసక యంత్రాన్ని నడిపించి, అహాబ్ మాటలు వల్లిస్తూ చనిపోతాడు. కిర్క్ తప్పించుకున్నాడో లేదో అతనికి తెలియదు. కిర్క్ తప్పించుకుంటాడు, కానీ నౌకను కదిలించడానికి స్పాక్ రేడియేషన్ గదిలోకి వెళ్లి ప్రాణం ఇస్తాడు. గాజు గోడకు ఇటు కిర్క్, అటు స్పాక్. అప్పు తీరింది. వసూలు చేసుకున్నవాడు రసీదు చూసుకోకుండానే వెళ్లిపోయాడు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి, ఒకటి చాలా ప్రసిద్ధం. చెకోవ్ పాత్ర టీవీ సీరియల్‌లోకి రెండో సీజన్‌లో వచ్చింది. ఖాన్ ఎపిసోడ్ మొదటి సీజన్‌ది. తెర మీద వాళ్లిద్దరూ కలవనేలేదు. అయినా సినిమాలో ఖాన్, నేను ముఖాలు మరిచిపోను అంటూ చెకోవ్‌ని గుర్తుపడతాడు. ఆ రోజు నౌకలో మరుగుదొడ్డి దగ్గర ఖాన్‌ని చాలాసేపు నిలబెట్టింది తానేనని, అందుకే గుర్తుపెట్టుకున్నాడని నటుడు వాల్టర్ కోనిగ్ అభిమానుల సభల్లో సరదాగా చెప్పేవాడు. ఇంత పెద్ద పొరపాటు కథను ఎందుకు దెబ్బతీయలేదు? తేదీల లెక్క తప్పినా, మనసు లెక్క తప్పలేదు కాబట్టి.

దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ అదే ఇంట్లో ఉంది. 2013లో వచ్చిన 'స్టార్ ట్రెక్ ఇన్‌టు డార్క్‌నెస్'లో బెనెడిక్ట్ కంబర్‌బ్యాచ్ విలన్. విడుదలదాకా అతని పేరు జాన్ హారిసన్ అనే చెప్పారు. సినిమా మధ్యలో అతను తన అసలు పేరు ఖాన్ అని వెల్లడిస్తాడు. ప్రేక్షకుల్లో పాత అభిమానులు ఉలిక్కిపడాలని ఆ ఏర్పాటు. కానీ ఇది వేరే కాలరేఖ. ఇక్కడి కిర్క్‌ ఖాన్‌ని ఎప్పుడూ చూడలేదు, వదిలేయలేదు, మరిచిపోలేదు. ఆ పేరు విన్న కిర్క్ ముఖంలో ఏ కదలికా ఉండదు, ఉండటానికి కారణమూ లేదు. చివరికి ఇతను ఎంత ప్రమాదకరమో తెలుసుకోవడానికి కుర్ర స్పాక్, వేరే కాలరేఖ నుంచి వచ్చిన ముసలి స్పాక్‌కు ఫోను చేయాల్సి వస్తుంది. అంటే ఒక సినిమా తన విలన్ ఎందుకు ముఖ్యమో చెప్పించడానికి ఇంకో సినిమాను సాక్ష్యానికి పిలుచుకుంది. ఆ బరువంతా పాత్రల మధ్య లేదు, ప్రేక్షకుడి జ్ఞాపకంలో ఉంది. భారతీయ పేరున్న పాత్రకు తెల్ల ఆంగ్లేయుణ్ణి పెట్టడం మీద వచ్చిన విమర్శ వేరే.

బాకీ లేకపోవడం ఒక రకం. తీరిపోయిన బాకీని కొట్టేయడం ఇంకో రకం, అది మరీ ఘోరం. 'స్టార్ వార్స్' చక్రవర్తి పాల్పటీన్ 1983 సినిమాలో డార్త్ వేడర్ చేతిలో అగాధంలో పడ్డాడు. కొడుకును కాపాడుకోవడానికి వేడర్ తన ప్రాణం ఇచ్చాడు. మూడు సినిమాల కథ ఆ ఒక్క పనిలో ముగిసింది. 2019 సినిమాలో పాల్పటీన్ బతికే ఉన్నాడని తేలుతుంది. ఎలా అంటే, ఎలాగో తిరిగొచ్చాడు అని ఒక పాత్ర చెబుతుంది. అతని బెదిరింపు సందేశాన్ని ముందుగా ఒక వీడియో గేమ్‌లో వినిపించారు. ఇందులో లాజిక్కు లేకపోవడం చిన్న సంగతి. వేడర్ చేసిన త్యాగం విలువ తగ్గిపోవడం పెద్ద సంగతి.

అతిపరిచయం వల్ల అలుసు ఏర్పడటం మూడో జబ్బు. 1989లో 'స్టార్ ట్రెక్' రెండో తరం సీరియల్‌లో బోర్గ్ అనే యంత్రమానవుల గుంపు మొదటిసారి వచ్చినప్పుడు వాళ్లతో మాట్లాడే వీలే లేదు, అదే భయం. 1990లో కెప్టెన్ పికార్డ్‌నే పట్టుకుని తమలో కలిపేసుకున్నారు. 1996 సినిమాలో ఆ గాయం ఇంకా పచ్చిగా ఉన్న పికార్డ్ వాళ్లను చంపడమే ధ్యేయంగా పెట్టుకుంటాడు. ఈసారి అహాబ్ హీరోనే; ఒక స్త్రీ ముఖం మీదే ఆ మాట అంటుంది. తమాషా ఏమిటంటే, ఆ ఒక్క సినిమాలో అద్భుతంగా పనిచేసిన బోర్గ్‌లు ఆ తర్వాతి సీరియల్‌లో తరచుగా కనబడి, తరచుగా ఓడిపోయి, పాత బెదురు పోగొట్టుకున్నారు. దీనికి మందు కనిపెట్టింది బ్రిటిష్‌వాళ్లు. 1963 నుంచి 'డాక్టర్ హూ' సీరియల్‌లో వస్తూ వస్తూ హాస్యం అయిపోయిన డాలెక్‌లనే లోహపు కవచాల శత్రువులను 2005లో మళ్లీ తెచ్చినప్పుడు సైన్యాన్ని తేలేదు. గొలుసులతో కట్టేసిన ఒక్క డాలెక్‌ని చూపించారు. దాన్ని చూసి హీరో అయిన డాక్టర్ కోపంతో ఊగిపోతుంటే, నువ్వు మంచి డాలెక్ అయ్యేవాడివి అంటుంది అది. ఒక్క వాక్యంతో పాత శత్రువుకు కోరలు మొలిచాయి.

భయం ఎక్కడ నివసిస్తుందో 1991 నాటి 'టెర్మినేటర్ 2' ఇంకా సూటిగా చెబుతుంది. మొదటి సినిమాలో సారా కానర్‌ని చంపడానికి వచ్చిన యంత్రం ముఖమే ఈసారి ఆమె కొడుకును కాపాడటానికి వస్తుంది. అది మంచిదని మనకు తెలుసు, కొడుక్కి తెలుసు. ఆసుపత్రి లిఫ్టు తలుపు తెరుచుకుని ఆ ముఖం కనబడగానే సారా జారిపడి, తనను బంధించినవాళ్ల వైపే అరుచుకుంటూ పరుగెడుతుంది. విలన్ రాలేదు, ఆమె జ్ఞాపకం వచ్చింది. జయవిజయులు హిరణ్యాక్ష హిరణ్యకశిపులుగా, రావణ కుంభకర్ణులుగా, శిశుపాల దంతవక్త్రులుగా మూడుసార్లు తిరిగివచ్చారు. పాత జన్మ వాళ్లకు గుర్తులేదు, విన్న మనకే గుర్తు. ఆధునిక సీక్వెల్‌లో ఆ సౌకర్యం లేదు. ఎవరో ఒక పాత్రకు గుర్తుండి తీరాలి.

విలన్‌కు తన బాకీ తాను తీర్చే అవకాశం ఇస్తే ఏమవుతుందో మన దగ్గరి రెండు సినిమాల్లో చూడవచ్చు. 2010 నాటి 'రోబో'లో ప్రేమ కాదన్నందుకు నగరాన్ని తగలబెట్టిన చిట్టి చివర్లో తనను తానే ముక్కలుగా విప్పుకుంటాడు. 2018లో '2.0'లో అదే చిట్టిని ఊరిని కాపాడటానికి మళ్లీ అతికిస్తారు. మంచి చిట్టి ఓడిపోయాక, పాత సినిమాలో మనల్ని భయపెట్టిన ఆ కొంటె రూపం తిరిగివస్తేనే పక్షిరాజు దారికి వస్తాడు. ఆలోచన గొప్పది. కానీ మొదటి సినిమాలో చిట్టి చంపిన మనుషుల తరఫున ఎవరూ వచ్చి నిలదీయరు. బాకీని పక్కకు తోసేసి పండగ చేసుకున్నారు. నాకూ ఆ పండగ నచ్చింది, అబద్ధం చెప్పను. ఇంటికి వచ్చాకే వెలితి తెలిసింది.

రెండోది 2024 జూన్ 27న వచ్చిన 'కల్కి 2898 ఏడీ'. నాగ్ అశ్విన్ తీసిన ఈ తెలుగు సినిమాకు ముందు భాగం మహాభారతమే అనుకుంటే, అందులోంచి తిరిగివచ్చిన విలన్ అశ్వత్థామ. నిద్రపోతున్న ఉపపాండవులను చంపి, ఉత్తర గర్భం మీదికి అస్త్రం వదిలినవాడు. అతన్ని చంపకుండా, నుదుటి మణి తీసేసి, శాపంతో వదిలేశారు. వేల ఏళ్ల తర్వాత అమితాబ్ బచ్చన్ రూపంలో లేచిన ఆ ముసలివాడికి అప్పగించిన పని ఏమిటి? ఒక గర్భవతిని, ఆమె కడుపులోని బిడ్డను కాపాడటం. ఏ నేరం చేశాడో సరిగ్గా దాన్నే తిరగేసి చేతిలో పెట్టారు. ఎనిమిది అడుగుల మనిషిని గ్రాఫిక్స్‌తో నిలబెట్టారని మెచ్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు ఆ ఒక్క అమరిక ముందు గ్రాఫిక్స్ గుర్తుకు రావు. గర్భం అన్న మాట వినగానే అతని కళ్లలో కదిలేది మనకు చెప్పనక్కర్లేదు, చిన్నప్పటినుంచి విన్న కథే.

ఆ సినిమా చివర్లో అసలు విలన్ యాస్కిన్ ఒక్క చుక్క ద్రవంతో బలం తెచ్చుకుని గాండీవం చేతబడతాడు. కమల్ హాసన్ కాబట్టి రెండో భాగంలో ఆ గొంతు వింటే చాలని చాలామంది ఎదురుచూస్తున్నారు. నేను ఎదురుచూసేది ఇంకొకటి. మొదటి భాగం మొత్తంలో అతను ఎవరినీ నేరుగా ఎదుర్కోలేదు. ఎవరు అతన్ని వదిలేశారో, ఎవరు మరిచిపోయారో, అతను ఎవరి తలుపు తట్టి లెక్క అడగాలో ఇంకా రాయాల్సే ఉంది.